పింగాణీలో పాళ్ళు లెక్కించడం ఎలా?

మొజాయిక్ గచ్చును మీరు చూచే ఉంటారు. తెల్ల సిమెంటులో నల్లరాతి ముక్కలు కలిపి పరచి, గట్టిపడిన తరువాత సానపడతారు. ఆ గచ్చులో నల్లరాయి నూటికి ఎన్ని పాళ్ళు ఉందో పగలగొట్టకుండా చెప్పగలరా?

చెప్పవచ్చు. పారదర్శకమైన కాగితంపై సమదూరాలలో 10 అడ్డుగీతలు, 10 నిలువు గీతలు గీయండి. 100 ఖండన బిందువులు వస్తాయి. కాగితాన్ని గచ్చుపై పరచి, నల్లముక్కలపై పడిన బిందువులను లెక్కించండి. నాలుగైదు చోట్ల చేసి సగటు తీయండి. సగటు 30 వస్తే నల్లరాయి సుమారు 30 శాతం. ముక్కలు అంతటా సమంగా కలిసి ఉంటే, తలంపై వైశాల్యంలో ఎంత భాగమో, ఘనపరిమాణంలోనూ అంతే భాగం. ఈ సూత్రాన్ని ఫ్రెంచి భూగర్భ శాస్త్రజ్ఞుడు డెలెస్ 1847లో తెలిపాడు.

అరిగిన తుంటికీలులో అమర్చే పింగాణీ గుండ్లకూ ఇదే లెక్క. కొన్నింటిలో అల్యూమినా, జిర్కోనియా అనే రెండు పదార్థాల రేణువులు కలిసి ఉంటాయి. అవి చాలా సూక్ష్మమైనవి; వాటిని చూడటానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. సానపట్టిన నమూనాపై ఎలక్ట్రాన్ పుంజాన్ని పంపితే, పరమాణు సంఖ్య ఎక్కువగా ఉన్న మూలకం ఎక్కువ ఎలక్ట్రాన్లను వెనుకకు మళ్ళిస్తుంది. జిర్కోనియం పరమాణు సంఖ్య 40, అల్యూమినియంది 13. అందుచేత చిత్రంలో జిర్కోనియా తెల్లగా, అల్యూమినా నల్లగా కనిపిస్తాయి. ఇక బిందువులు లెక్కించడమే.

అయితే ఒక చిక్కు ఉంది. గంధకం వలెనే జిర్కోనియాకు కూడా ఒకటి కంటె ఎక్కువ స్ఫటిక రూపాలున్నాయి. టెట్రాగోనల్ రూపం మోనోక్లినిక్‌గా మారినప్పుడు సుమారు 4 శాతం ఉబ్బుతుంది. పగులు మొన వద్ద ఈ ఉబ్బు పగులును నొక్కిపట్టి ఆపుతుంది. ఈ మేలును 1975లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వెల్లడించారు. కాని ముందుగానే ఎక్కువ రేణువులు మారిపోతే గుండే బలహీనపడుతుంది.

రెండు రూపాలలోనూ పరమాణువులు అవే. కనుక తెలుపు నలుపుల తేడా ఉండదు. అప్పుడు పుంజాన్ని ఒక్కొక్క బిందువు వద్ద నిలిపి, వెనుకకు వచ్చే ఎలక్ట్రాన్లు తెరపై ఏర్పరచే పట్టీల అమరికను చూస్తారు. స్ఫటిక రూపాన్ని బట్టి ఆ అమరిక మారుతుంది. నమూనాను మోటుగా సానపడితే ఆ ఒత్తిడికే రూపం మారి లెక్క తప్పుతుంది. అందుకే మెల్లగా, నునుపుగా సానపట్టాలి.

ఈ లెక్క ఎందుకంటారా? కాల్చే కొలిమిని మార్చిన తరువాత తయారైన జిర్కోనియా గుండ్లు కొన్ని రోగుల శరీరాలలోనే పగిలాయి. 2001లో వాటిని వాపసు తీసుకోవలసి వచ్చింది. పైకి అవి మంచి గుండ్ల వలెనే నున్నగా మెరిసేవి. లోపలి రేణువుల సంగతి కంటికి తెలియదు. కొలిచి చూస్తేనే తెలుస్తుంది.