వేట విరామము - పడవ లైసెన్సు

అంతర్వేది వద్ద వశిష్ఠ, ఓడలరేవు వద్ద వైనతేయ సముద్రమున కలియుచున్నవి. ఈ తీరగ్రామముల పంచాయతీ సభ్యులు 1994 నాటి సముద్ర మత్స్యవేట క్రమబద్ధీకరణ చట్టమును తెలిసికొనవలెను. వేటపడవకు రిజిస్ట్రేషనుతోబాటు లైసెన్సును ఉండవలెను. మరపడవలు, ఇంజను బిగించిన నావలు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు వేటకు పోరాదు. అది చేపలు గ్రుడ్లుపెట్టు కాలము. తెడ్లతో, తెరచాపతో నడచు నావలకు ఈ నిషేధము లేదు. వరదనీట పులస గోదావరి కెక్కుట ఆ పిమ్మటి మాట.

ఆ రెండు నెలలు రాబడి యుండదు గనుక ప్రభుత్వము భృతి నొసగుచున్నది; 2025లో అది కుటుంబమునకు 20,000 రూపాయలు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. లైసెన్సు లేని పడవపై పనిచేయు కలాసీ పేరు జాబితా కెక్కుట కష్టము. యజమాని రుసుము మిగుల్చుకొనగా కూలివాడు భృతి పోగొట్టుకొనును. ఇది న్యాయము కాదని మా యభిప్రాయము. కావున నిషేధకాలము రాకమునుపే రేవులోని పడవల కాగితములను విచారింపుడు. జాబితా సచివాలయమున ప్రకటింపబడినప్పుడు మత్స్యకారుల పేటలో చదివి వినిపింపుడు.