మెట్ట ప్రాంత రైతు గృహాలకు తగిన నేల పదార్థాలు: దుత్తలూరు మండల పరిస్థితులలో తులనాత్మక పరిశీలన

సారాంశం

మెట్ట రైతు ఇంటిలో నేల నివాసానికే గాక విత్తనాల, తిండిగింజల నిల్వకు కూడా ఆధారం. శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా దుత్తలూరు మండల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని మట్టి నేల, సిమెంటు గచ్చు, కడప బండలు, గ్రానైటు, టైల్సులను తేమ, ఉష్ణం, జారుడు, మన్నిక, వ్యయం దృష్ట్యా ఈ వ్యాసంలో పోల్చడమైనది. తేమ విషయంలో పైన పరచే పదార్థం కంటే దాని కింది పొరలే ముఖ్యమని, ఇల్లంతటికీ ఒకే పదార్థం తగదని ఈ పోలిక వలన తెలుస్తున్నది.

ఉపోద్ఘాతం

దుత్తలూరు మండలం నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి ప్రాంతంలో ఉన్నది. దీనికి పడమర దిక్కున వెలిగొండ శ్రేణి జిల్లాకు సరిహద్దుగా నిలిచి ఉన్నది. జిల్లాలో ఏటా కురిసే వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలో, అనగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు పడుతుంది. ఖరీఫ్ పైర్ల దిగుబడి ఇంటికి చేరే రోజులూ దాదాపు ఇవే. కళ్ళం మీద ఆరవలసిన మినుము, పెసర, నువ్వు, వేరుశనగ తుఫాను వాన ముంచుకొచ్చినప్పుడు ఇంటి వసారాలోనికి, నడవలోనికి చేరుతాయి. మరుసటి ఏటి విత్తనం సైతం ఆ ఇంటిలోనే నెలల తరబడి ఉంటుంది.

పట్టణ గృహానికి నేలను ఎంచుకొనునప్పుడు రంగు, మెరుపు ప్రధానమగుట సహజం. రైతు గృహంలో మొదట అడగవలసిన ప్రశ్న వేరు: ఈ నేల మీద గింజ ఆరి ఉంటుందా? అపరాలను 9-10 శాతం, వేరుశనగ కాయలను సుమారు 8 శాతం తేమకు ఆరబెట్టి నిల్వ చేయవలెను. నేల నుండి తేమ తిరిగి బస్తాలకు చేరితే ఆరబెట్టిన శ్రమ వృథా అవుతుంది. అడుగు వరుస బస్తాలలో బూజు పడుతుంది, మొలకశాతం తగ్గుతుంది. వేరుశనగలో ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ శిలీంధ్రం పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం చేరుతుంది. వేయించినా, ఉడికించినా ఈ విషం పూర్తిగా నశించదు.

నేలకు తేమ చేరే రెండు మార్గాలు

మొదటిది కింది నుండి పైకి వచ్చే తేమ. మృత్తికలోని సన్నని రంధ్రాల గుండా నీరు కేశనాళికా చర్య వలన పైకి పాకుతుంది. రంధ్రం ఎంత సన్నదైతే నీరు అంత ఎత్తుకు ఎక్కుతుంది. రంధ్ర వ్యాసార్థం 1 మిల్లీమీటరైతే నీరు సుమారు 1.5 సెంటీమీటర్లు మాత్రమే ఎక్కుతుంది. వ్యాసార్థం 0.01 మిల్లీమీటరైతే సిద్ధాంతరీత్యా 1.5 మీటర్ల వరకు ఎక్కగలదు. అందువలన బంకమన్ను నింపిన పునాదిపై వేసిన నేల వానకాలంలో చెమ్మగా ఉంటుంది. ముతక ఇసుక లేదా కంకర పొర మధ్యలో ఉంటే నీటి పాకుడు అక్కడ తెగిపోతుంది. సిమెంటు కాంక్రీటు చూపునకు గట్టిగా కనిపించినా దానిలోనూ సన్నని రంధ్రాలున్నవి. కనుక కింద తగిన అడ్డు లేనిచో గచ్చు కూడా తేమను పీల్చి పైకి పంపుతుంది.

రెండవది పై నుండి చేరే తేమ. ముసురు పట్టిన దినాలలో గాలిలోని నీటి ఆవిరి చల్లని నేలను తాకి నీటిబొట్లుగా మారుతుంది. నేల చెమర్చినదని వాడుకలో అనేది దీనినే. నునుపుగా, రంధ్రాలు లేకుండా ఉండే గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సుపై ఈ నీరు ఇంకే దారి లేక పైననే నిలుస్తుంది. మట్టి నేల దీనిని కొంత పీల్చుకొని తరువాత మెల్లగా విడుస్తుంది.

ఈ రెండింటికి నివారణలు వేరు. కనుక ముందు కారణాన్ని గుర్తించవలెను. 45 సెంటీమీటర్ల చదరపు పాలిథీన్ కాగితాన్ని నేలపై పరచి, నాలుగు అంచులను గాలి చొరకుండా టేపుతో అంటించి, కనీసం 16 గంటలు ఉంచవలెను. విప్పి చూచినప్పుడు కాగితం అడుగున తడి ఉంటే తేమ భూమి నుండి వస్తున్నదని అర్థం. అడుగు పొడిగా ఉండి పైభాగం మాత్రమే చెమర్చితే అది గాలిలోని తేమ. మొదటి సందర్భంలో నేల కింది పొరలను సరిచేయవలెను. రెండవ సందర్భంలో గాలి ఆడే ఏర్పాటు చేసి, బస్తాలను నేలకు తగలకుండా ఎత్తున ఉంచవలెను.

పదార్థాల పరిశీలన

మట్టి నేల: ఎర్రమన్ను, గరుసు కలిపి దిమ్మిసతో కొట్టి, పేడతో అలికే నేలకు కొనుగోలు ఖర్చు దాదాపు లేదు. పగిలిన చోట ఇంటివారే పూడ్చుకొనగలరు. పాదానికి చలి తగలదు. అయితే పందికొక్కులు, ఎలుకలు సులభంగా బొరియలు చేస్తాయి, చెదలు పైకి వస్తాయి, నీరు ఒలికితే బురద అవుతుంది. అలుకుకు పట్టే శ్రమ లెక్కలకు ఎక్కదు. వారానికి రెండు గంటలు అనుకొన్నను ఏడాదికి 104 గంటలు, అనగా ఎనిమిది గంటల పనిదినాలు పదమూడు అగును. ఆ శ్రమ దాదాపు పూర్తిగా స్త్రీలదే.

ఆరోగ్య దృష్ట్యా కూడా మట్టి నేలకు పరిమితులున్నవి. మెక్సికో దేశపు కోవావీలా రాష్ట్రంలో 2000 సంవత్సరంలో ‘పీసో ఫిర్మె’ అను పేరుతో పేదల ఇండ్లలోని మట్టి నేలలను సిమెంటు నేలలుగా మార్చే కార్యక్రమం మొదలైనది. 2009లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం ఇంటిలోని మట్టి నేలను పూర్తిగా సిమెంటుగా మార్చుట వలన పిల్లలలో పరాన్నజీవుల బెడద 78 శాతం, అతిసారం 49 శాతం, రక్తహీనత 81 శాతం తగ్గినవి.

సిమెంటు గచ్చు: 1:2:4 పాళ్ళలో 40 మిల్లీమీటర్ల మందాన వేసే కాంక్రీటు గచ్చు ఎలుకలను అడ్డుకొంటుంది, బస్తాల బరువును, వాటి ఈడ్పును తట్టుకొంటుంది, ఊడ్చుటకు అనుకూలం. లోపాలు ఎక్కువగా పని చేసే తీరులోనే ఉన్నవి. నీరు ఎక్కువ పోసి కలిపిన కాంక్రీటు ఆరిన తరువాత దుమ్ము లేస్తుంది. గళ్ళుగా విభజించక ఒకే పలకగా పోస్తే బీటలు వారుతుంది. కనీసం ఏడు రోజులు, వేడి పొడి వాతావరణంలో పది రోజులు తడిపి ఉంచవలెను. వేసవిలో పని చేసి రెండు రోజులకే తడుపుట మానివేయడం గచ్చు చెడిపోవుటకు ఒక ముఖ్య కారణం.

కడప బండలు: వైఎస్సార్ కడప జిల్లా ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాలలోను, నంద్యాల జిల్లా బేతంచెర్ల పరిసరాలలోను లభించే ఈ బండలు సున్నపురాయి జాతికి చెందినవి. తెలంగాణలోని తాండూరు బండ కూడా ఇదే జాతి. పొరలుగా విడివడే గుణం వలన వీటిని పలకలుగా తీయడం సులభం. సానపట్టని బండకు సహజమైన గరుకుదనం ఉంటుంది. వేసవిలో చల్లగా ఉండి, దశాబ్దాల పాటు మన్నుతుంది. ప్రధాన లోపం ఆమ్లానికి లొంగుట. చింతపండు పులుసు, నిమ్మరసం, మరుగుదొడ్డి శుభ్రపరచే ఆమ్లం పడిన చోట కాల్షియం కార్బొనేటు కరిగి మచ్చ పడుతుంది. నల్లబండ ఆరుబయట ఎండకు విపరీతంగా కాలుతుంది. అందువలన అది ముంగిలికి తగదు.

గ్రానైటు: ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ రాయి ప్రపంచ ప్రసిద్ధం. గ్రానైటు ఆమ్లాలకు సులభంగా లొంగదు, గీతలు పడదు, నీటి పీల్పు సాధారణంగా అర శాతం లోపే. ఉష్ణవాహకత కాంక్రీటు కంటే సుమారు రెట్టింపు. అందుచేతనే పాదానికి చల్లగా తోస్తుంది, ముసురులో త్వరగా చెమర్చుతుంది. సానపట్టిన గ్రానైటు తడిసినప్పుడు ప్రమాదకరంగా జారుతుంది.

టైల్సు: వీటి నాణ్యతను రంగును బట్టి గాక నీటి పీల్పును బట్టి గుర్తించవలెను. భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 ఈ ప్రాతిపదికననే టైల్సును వర్గీకరిస్తున్నది. విట్రిఫైడ్ టైలు నీటి పీల్పు 0.5 శాతం మించరాదు. గోడ టైళ్ళలో ఇది సాధారణంగా 10 శాతం పైన ఉంటుంది. చౌకగా వచ్చినవని గోడ టైళ్ళను నేలకు వాడితే బరువుకు పగులుతాయి. ఏ టైలైనను కింద బోలు మిగిలితే బస్తా పడినప్పుడు, రోకలి జారినప్పుడు చిట్లుతుంది. ఒక పలక మార్చవలసి వచ్చినప్పుడు అదే రంగు దొరకడం కష్టం కనుక కొన్నింటిని ముందుగానే దాచుకొనవలెను.

పట్టిక: పదార్థాల గుణదోషాలు

పదార్థం | ఎలుకల నుండి రక్షణ | తడిసినప్పుడు జారుడు | ఆమ్ల నిరోధం | మరమ్మతు
మట్టి నేల | లేదు | బురద వలన జారును | వర్తించదు | అతి సులభం
సిమెంటు గచ్చు | మంచిది | నునుపు చేయనిచో తక్కువ | తక్కువ | సులభం
కడప బండ (గరుకు) | మంచిది | తక్కువ | తక్కువ | మధ్యస్థం
గ్రానైటు (సానపట్టినది) | మంచిది | ఎక్కువ | మంచిది | కష్టం
విట్రిఫైడ్ టైలు (నునుపు) | మంచిది | ఎక్కువ | మంచిది | కష్టం

బరువు, వ్యయం

ధర విచారించునప్పుడు చదరపు అడుగు రేటుతో ఆగరాదు. రవాణా, దించుట, అడుగు పొరలు, కూలి కలిపి లెక్కించవలెను. ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ పథకం కనీస గృహ విస్తీర్ణంగా నిర్ణయించిన 25 చదరపు మీటర్లను, అనగా సుమారు 269 చదరపు అడుగులను ఉదాహరణగా తీసుకొనవచ్చును. దీనికి 25 మిల్లీమీటర్ల మందం గల కడప బండలు సుమారు 1.65 టన్నులు, 18 మిల్లీమీటర్ల గ్రానైటు 1.2 టన్నులు, 9 మిల్లీమీటర్ల విట్రిఫైడ్ టైల్సు అర టన్ను బరువు తూగును. 40 మిల్లీమీటర్ల సిమెంటు గచ్చుకు ఒక ఘనమీటరు కాంక్రీటు, అనగా ఆరు నుండి ఏడు బస్తాల సిమెంటు సరిపోవును. ఇసుక, కంకర సమీపంలోనే లభించే చోట గచ్చుకు రవాణా భారం తక్కువ. కొండ ఆవలి జిల్లా నుండి వచ్చే బండలకు దారి ఖర్చు, దారిలో విరుగుడు కూడా కలుపుకొనవలెను.

జారుడు, వృద్ధుల భద్రత

ఉదయగిరి, వరికుంటపాడు పరిసర మెట్ట మండలాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు అధికంగా ఉన్న గ్రామాలున్నవి. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం. ఏళ్ళ తరబడి అధిక ఫ్లోరైడు నీరు త్రాగినవారికి కీళ్ళు, వెన్నెముక బిగుసుకొని, తూలినప్పుడు వెంటనే నిలదొక్కుకొనుట కష్టమగును. అటువంటి వృద్ధులున్న ఇంటిలో నునుపైన టైలు అందం కంటే అపాయమే ఎక్కువ. వయసు మీరినవారికి తుంటి ఎముక విరిగితే కుటుంబపు ఆదాయమంతా వైద్యానికే పోవచ్చును. టైల్సుకు జారుడు నిరోధాన్ని ఆర్-9 నుండి ఆర్-13 వరకు సూచిస్తారు. అంకె పెరిగిన కొలది పట్టు ఎక్కువ. స్నానాల గదికి, నీటి తొట్టి పరిసరాలకు కనీసం ఆర్-11 లేదా గరుకు బండ వాడవలెను. కొనుటకు ముందు పలకపై నీరు పోసి చేతితో గట్టిగా రుద్ది చూచుట మేలు.

అడుగు పొరల నిర్మాణం

పైన ఏ పదార్థం పరచినను కింది క్రమం పాటించవలెను.

1. ఇంటి నేల చుట్టుపక్కల భూమి కంటే కనీసం 45 సెంటీమీటర్ల ఎత్తున ఉండవలెను.
2. పునాది లోపల గరుసు మట్టిని పొరలు పొరలుగా నింపి, తడిపి, దిమ్మిసతో కొట్టవలెను. నల్లరేగడిని నింపరాదు. అది తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకొని గచ్చును చీల్చుతుంది.
3. దానిపై 10 సెంటీమీటర్ల ముతక ఇసుక లేదా కంకర పరచవలెను. పైన చెప్పిన 25 చదరపు మీటర్లకు ఇది 2.5 ఘనమీటర్లు.
4. కంకరపై పలుచగా ఇసుక చల్లి, 250 మైక్రాన్ల పాలిథీన్ కాగితాన్ని అతుకుల వద్ద 15-20 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చునట్లు పరచి, అంచులను గోడ వెంబడి గచ్చు మట్టం వరకు పైకి మడవవలెను.
5. ఆపైన 1:4:8 పాళ్ళలో 10 సెంటీమీటర్ల కాంక్రీటు వేసి, గట్టిపడిన తరువాత ఎంచుకొన్న పదార్థాన్ని పరచవలెను.

ఇప్పటికే నివసిస్తున్న ఇంటిలో నేలంతా తవ్వుట సాధ్యం కాకపోతే నిల్వ గదికి మాత్రమైనా ఈ పని చేయించుకొనవలెను. అదీ వీలుకాని పక్షంలో బస్తాలను 15 సెంటీమీటర్ల ఎత్తు గల చెక్క బల్లలపై పేర్చి, గోడకు సుమారు అర మీటరు ఎడం వదలవలెను.

గదుల వారీగా సిఫారసులు

నిల్వ గది: అడుగున పాలిథీన్ పొరతో సిమెంటు గచ్చు, గోడ మూలలు గుండ్రంగా పూడ్చినది. బస్తాలకు చెక్క బల్లలు తప్పనిసరి.
వసారా: గరుకు కడప బండ. బయటి వైపు స్వల్ప వాలు ఇవ్వవలెను.
వంటగది: గట్టుకు గ్రానైటు, నేలకు పట్టు గల విట్రిఫైడ్ టైలు లేదా సిమెంటు గచ్చు.
స్నానాల గది: జారని టైలు లేదా గరుకు బండ.
పడక గది, నడవ: ఆర్థిక స్థోమతను బట్టి ఏదైనను. వృద్ధులు నడిచే దారిలో నునుపు పలకలు వలదు.
కళ్ళం, ముంగిలి: సిమెంటు కాంక్రీటు. నీరు నిలువకుండా వాలు ఉండవలెను.

ముగింపు

దుత్తలూరు వంటి మెట్ట మండలంలో ఇల్లు కట్టుకొనే రైతుకు డబ్బు పరిమితం. దానిలో ఎక్కువ భాగం పై మెరుపునకు పోయి, అడుగు పొరలకు మిగలకపోవుట తరచుగా జరిగే పొరపాటు. ఖరీదైన పలకలను తరువాతి ఏడు కూడా పరచుకొనవచ్చును. వాటి కింద వేయవలసిన ఇసుకను, పాలిథీన్ పొరను మాత్రం ఇల్లంతా తవ్వనిదే తరువాత వేయలేరు. అందువలన మొదటి విడతలో అడుగు పొరలను సక్రమంగా పూర్తి చేసి, పైన సాదా సిమెంటు గచ్చుతో సరిపెట్టుకొనుట, స్థోమత కలిగినప్పుడు గదికొక విధంగా బండలు లేదా టైల్సు పరచుకొనుట ఉత్తమ క్రమం. ఈ క్రమంలో కట్టిన నిల్వ గదిలో, సరిగా ఆరబెట్టిన విత్తనం ఈశాన్య ముసురులోనూ పొడిగా నిలిచి, తరువాతి విత్తు నాటికి మొలకశక్తిని కాపాడుకొనగలదు.