పొలాల నుండి నగరం : వరాఛా చెప్పే పాఠం

సూరత్ రైల్వే స్టేషన్ నుండి తూర్పుగా సాగే వరాఛా మార్గానికి ఇరువైపులా నేడు ఖాళీ జాగా కానరాదు. వజ్రాలకు సాన పట్టే పనిశాలలు, దుకాణాలు, బహుళ అంతస్తుల నివాసాలు ఒకదానినొకటి ఒరుసుకొని ఉంటాయి. అయినా ఈ ప్రాంతపు పేర్లలో పాత గ్రామాలు ఇంకా బ్రతికే ఉన్నవి. గుజరాతీలో ‘నానా’ అనగా చిన్నది, ‘మోటా’ అనగా పెద్దది. తాపీ నదికి ఈవల నానా వరాఛా, ఆవల మోటా వరాఛా. ఒకప్పుడు ఇవి పంటపొలాల నడుమ ఉన్న పల్లెలు.

సౌరాష్ట్రలోని భావనగర్, అమ్రేలీ జిల్లాల నుండి వేలాది కుటుంబాలు వజ్రాల పనికై ఇక్కడకు తరలివచ్చినవి. 1971లో సుమారు 4.7 లక్షలుగా ఉన్న సూరత్ జనాభా 1991 నాటికి దాదాపు 15 లక్షలు, 2011 నాటికి 44.6 లక్షలు దాటినది. 2006లో నగర పాలక సంస్థ పరిధి 112 చదరపు కిలోమీటర్ల నుండి 326 చదరపు కిలోమీటర్లకు విస్తరించినది. ఇంత వేగంగా పెరిగే ఊరిలో రోడ్డుకు, బడికి, పార్కుకు స్థలం ఎవరివ్వాలి? నగరపాలనలో దీనికి మించిన చిక్కు ప్రశ్న లేదు.

సేకరణ, సమీకరణ

రోడ్డు వేయదలచినప్పుడు ప్రభుత్వాలు సాధారణంగా భూసేకరణకు పూనుకుంటాయి. రోడ్డు ఎవరి పొలం మీదుగా పోతే ఆ రైతు సర్వం కోల్పోతాడు. ప్రక్క పొలం వానికి మాత్రం ఏ త్యాగమూ లేకుండానే భూమి విలువ పెరుగుతుంది. నష్టం ఒకరిది, లాభం మరొకరిది.

గుజరాత్ అనుసరించిన మార్గం వేరు. ఒక ప్రాంతంలోని పొలాలన్నింటిని కాగితం మీద ఒక్కటిగా కలిపి, రోడ్లకు, ప్రజావసరాలకు కావలసిన భాగాన్ని అందరి నుండి తీసుకొని, మిగిలిన దానిని చక్కని ఆకారంలో తిరిగి యజమానులకే పంచుతారు. దీనినే పట్టణ ప్రణాళికా పథకం అంటారు. ఒకరి భూమి అంతా కాక, అందరి భూమిలో కొంత తీసుకొనుట దీని మూలసూత్రం. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరానికై 1902లో ఇటువంటి శాసనం వచ్చినది. మన దేశంలో 1915 నాటి బొంబాయి పట్టణ ప్రణాళికా చట్టం దీనికి దారి వేసినది. నేడు అమలులో ఉన్నది 1976 నాటి గుజరాత్ పట్టణ ప్రణాళికా, నగరాభివృద్ధి చట్టం.

లెక్క ఎట్లా కుదురుతుంది?

ఈ చట్టం మొత్తం విస్తీర్ణంలో రోడ్లకు 15 శాతం. పార్కులు, ఆటస్థలాలకు 5 శాతం. పాఠశాల, వైద్యశాల, అగ్నిమాపక కేంద్రం వంటి వాటికి 5 శాతం. సౌకర్యాల ఖర్చు రాబట్టుటకై విక్రయించే నిమిత్తం 15 శాతం కేటాయించవచ్చునని సూచించినది. బలహీన వర్గాల గృహవసతికి 10 శాతం వరకు ప్రత్యేకించే వీలు కూడా కలదు. అభివృద్ధి స్వభావాన్ని బట్టి ఈ పాళ్లు మారవచ్చు.

ఒక రైతుకు 10,000 చదరపు మీటర్ల పొలం ఉన్నదనుకొందాం. పథకంలో 40 శాతం తీసివేస్తే అతనికి 6,000 చదరపు మీటర్ల తుది ప్లాటు దక్కుతుంది. విస్తీర్ణం తగ్గినను ఆ ప్లాటు ముందు రోడ్డు ఉంటుంది, నీరు, మురుగు కాలువ వస్తాయి. కనుక మిగిలిన భూమి విలువ మొత్తం పాత పొలం విలువను మించవచ్చు. ఆ పెరుగుదలలో సగానికి మించకుండా అభివృద్ధి రుసుముగా వసూలు చేసి, పథకం ఖర్చులకు వినియోగిస్తారు. అందరి శ్రమవల్ల పెరిగిన విలువలో అందరికీ వాటా ఉండుట న్యాయమే కదా!

పథకం ముసాయిదా, ప్రాథమిక, తుది అనే దశలు దాటుతుంది. ప్రభుత్వం నియమించిన పట్టణ ప్రణాళికాధికారి యజమానుల అభ్యంతరాలు వింటాడు. ముసాయిదా ఆమోదం పొందగానే రోడ్లకు, నీటి సరఫరాకు, మురుగు పారుదలకు కావలసిన భూమి పాలక సంస్థకు సంక్రమిస్తుంది. తుది లెక్కలు తేలేవరకు రోడ్డు ఆగనక్కరలేదు.

లెక్కలో లేనివారు

అయితే యజమానుల పట్టికలో పేరు లేని వారి మాటేమిటి? అద్దె గదిలో ఉండి సానరాయి ముందు కూర్చునే కార్మికునికి మూలప్లాటు లేదు, తుది ప్లాటూ లేదు. అతనికి పథకం ఇచ్చేది బడి, పార్కు, వైద్యశాల మాత్రమే. ఆ స్థలాలు ఖాళీగా మిగిలిపోతే, యజమానుల లెక్క సరిపోయినను కార్మికునికి ఏమీ దక్కదు.

ఈ విషయం తెలుగువారికి పరాయిది కాదు. తెలంగాణ నుండి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో మరమగ్గాల పనితో స్థిరపడినవి. సూరత్ పురపాలక ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉన్నది. సొంత భూమి లేని వలస కుటుంబపు బిడ్డ తన మాతృభాషలో అక్షరాలు దిద్దాలంటే ముందు బడికంటూ స్థలం ఉండాలి. జాతీయ సమైక్యత ఇటువంటి చోటనే నిత్యజీవితంలో అనుభవానికి వస్తుంది.

కాగితం నుండి వీధికి

ప్రణాళిక ఉన్నంత మాత్రాన పని ముగియదు. 1994 సెప్టెంబరులో ప్లేగు ప్రబలి సూరత్ నుండి లక్షలాది ప్రజలు తరలిపోయారు. 1995లో పురపాలక కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు నగరాన్ని మండలాలుగా విభజించి, అధికారులను ప్రతి దినం వీధులలోకి నడిపించిన పిమ్మట పారిశుధ్యం మెరుగుపడినది. 2019 మే 24న వరాఛా సమీపంలోని సర్థాణాలో ఒక వాణిజ్య భవనం పై అంతస్తున నడిచే శిక్షణ తరగతిలో అగ్నిప్రమాదం సంభవించి 22 మంది విద్యార్థులు మరణించారు. రోడ్డుకు వదలిన జాగా ఎంత ముఖ్యమో, కట్టడంపై పర్యవేక్షణ కూడా అంతే ముఖ్యమని ఆ దుర్ఘటన హెచ్చరించినది.

2015లో అమరావతిలో చేపట్టిన భూసమీకరణ ద్వారా ఈ సూత్రం ఆంధ్ర రైతులకు కూడా పరిచితమైనది. అక్కడ ఎకరం మెట్టభూమి ఇచ్చిన వారికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇచ్చుటకు నిర్ణయించారు. రెండు చోట్లా రైతు చేసినది ఒక్కటే : రేపటి వీధిని నమ్మి నేటి పొలాన్ని అప్పగించుట. ఆ వీధిని సకాలంలో వేయుట, బడికి విడిచిన చోట బడినే కట్టుట పాలకుల బాధ్యత. ఆ మాట నిలిచిన చోటనే మరొక పల్లె రైతు తన భూమిని నిశ్చింతగా ఇవ్వగలుగుతాడు.