ప్రధానపుటుంగరము – వర్ణరత్న నిర్ణయము : రత్నశాస్త్ర దృష్టి

వరాహమిహిరాచార్యుడు (క్రీ.శ. 6వ శతాబ్ది) బృహత్సంహితయందు వజ్రలక్షణమును నిరూపించుచు, పుత్రార్థినులైన స్త్రీలు వజ్రమును ధరింపరాదని కొందఱు రత్నజ్ఞులు తలంతురని చెప్పినాడు. దీనిని ఆయన స్వమతముగా గాక పరమతముగా పేర్కొని, వెంటనే కొన్ని ఆకృతుల వజ్రములకు మినహాయింపు కూడ చూపినాడు. “వజ్రము అందరికిని అచ్చిరాదు” అని మన పెద్దలు అను మాటకు ఇంత పాత ఛాయ యొకటి కలదన్నమాట. పెండ్లికూతురి వ్రేలికి వజ్రమునకు బదులు కెంపో, నీలమో, పచ్చయో కోరుకొనువారు నేడు తక్కువగా లేరు. వారు రాతిని ఎట్లు నిర్ణయింపవలెనను ప్రశ్నకు మన రత్నశాస్త్రము ఎంతవరకు సమాధానము చెప్పగలదో, ఎచ్చట చెప్పజాలదో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

వివాహనిశ్చయమును శాస్త్రభాషలో వాగ్దానమనియు, వాఙ్నిశ్చయమనియు అందురు. తెలుగునాట వాడుక ‘ప్రధానము’. ఉంగరములు మార్చుకొనుట గృహ్యసూత్రోక్తము కాదు. అది లోకాచారముగా వచ్చి చేరినది. అయినను ఉంగరము ప్రణయాభిజ్ఞానమగుట మన సాహిత్యమునకు క్రొత్త కాదు. అమరసింహుడు ఉంగరమునకు అంగుళీయకము, ఊర్మిక అను పేర్లు చెప్పి, అక్షరములు చెక్కినదానిని అంగుళిముద్ర యని వేరుచేసినాడు. కాళిదాసుని శాకుంతలమున జాలరికి చేప కడుపులో దొరకినది రెండు లక్షణములును కలది: రత్నముతో వెలుగునది, రత్నము పొదిగినచోట రాజనామము చెక్కినది. ఆ రత్నమేదో కవి చెప్పలేదు. నాయికకు పేరే ప్రధానము. మనకు రాయి ప్రధానము.

మొదటి చిక్కు పేర్లతోనే వచ్చును. తెలుగున కెంపు, పచ్చ, నీలము అనునవి రంగును బట్టి ఏర్పడిన పేర్లు. ఎఱ్ఱనిదెల్ల కెంపే. సంస్కృతమున పద్మరాగమునకు సౌగంధికము, కురువిందము, స్ఫటికము అని మూడు జన్మస్థానములను వరాహమిహిరుడు చెప్పి, కురువిందజములు మందకాంతి కలవని తక్కువ చేసినాడు. ఆ కురువిందశబ్దమే తమిళమున కురుందమై, ఐరోపా భాషలకు ప్రాకి ‘కోరండమ్’ అయినది. ఆధునిక ఖనిజశాస్త్రమున కెంపును నీలమును రెండును కోరండమే, అనగా అల్యూమినియం ఆక్సైడు. క్రోమియము లేశముగా చేరిన కెంపు, ఇనుమును టైటానియమును చేరిన నీలము. గరుడపురాణము పద్మరాగమునకు చెప్పిన మూడు జాతులే ఇంద్రనీలమునకును కలవనియు, పరీక్షలు కూడ రెండింటికి నొక్కటే యనియు చెప్పుట ఇచ్చట గమనింపదగినది. రంగు వేరైనను వస్తుధర్మము ఒక్కటేయని ఆ పరీక్షకులు చేతితో కనుగొన్నారు.

రంగును మాత్రమే నమ్మినవారు మోసపోవుటకు రాజులు కూడ మినహాయింపు కాదు. బ్రిటిష్ రాజకిరీటమున ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’ అని శతాబ్దులుగా పేరుపొందినది కెంపు కాదు, స్పినెల్ అను వేఱు ఖనిజము. పుష్యరాగమన్న పేరుతో నేడు పసుపుపచ్చని నీలజాతిరాయి యమ్ముదురు, టోపాజు కూడ అమ్ముదురు. రెండింటి వెలకును పోలిక లేదు. వైడూర్యము చరిత్ర మఱింత వింత. విదూరశబ్దము నుండి దీనిని సాధించిన పాణినిసూత్రముపై (4-3-84) భాష్యకారుడు, ఆ మణి పుట్టునది వాలవాయ పర్వతమున గదా, విదూరమున సానపట్టబడును గదా యని చర్చించినాడు. దాని ప్రాకృతరూపము ‘వేళురియ’ నుండి గ్రీకు మూలముగా ‘బెరిల్’ శబ్దము వచ్చినది. పచ్చ బెరిల్ జాతిదే! నేటి బజారులో వైడూర్యమన్న పిల్లికన్నురాయి క్రైసోబెరిల్. కావున రసీదుమీద ‘కెంపు’, ‘పుష్యరాగము’ అని వ్రాయించుకొనిన చాలదు, ఖనిజనామమును వ్రాయింపవలెను.

ఉంగరమునకు తగినదేది యన్నచో కాఠిన్యము ముఖ్యము. హారము మెడలో ఊరకుండును. ఉంగరము పాత్రలకు, తలుపులకు, గోడలకు తగులుచునే యుండును. వజ్రమో కురువిందమో తప్ప మఱియేదియు పద్మరాగేంద్రనీలములపై గీత గీయజాలదని గరుడపురాణము. 1812లో ఫ్రీడ్రిక్ మోస్ కూర్చిన కాఠిన్యశ్రేణి వజ్రమునకు 10, కోరండమునకు 9 అంకెల నిచ్చినది. ఇంతకంటె చక్కని సంవాదము అరుదు. క్రైసోబెరిల్ 8½, టోపాజు, స్పినెల్ 8, పచ్చ 7½ మొదలు 8 వరకు. గాలిలోని దుమ్ములో స్ఫటికజాతి ఇసుక కలియుండును, దాని కాఠిన్యము 7. అంతకు తక్కువైన రాతిని రోజు తుడిచినను మెఱుగు పోవును. పగడము 3, 4 నడుమ. ముత్యము కూడ మెత్తనిదే. నిత్యధారణకైన ఉంగరమున వీనిని పొదుగుట తగదని నా అభిప్రాయము. నవరత్నపుటుంగరము చూచుటకు ముచ్చటే కాని, ముత్యపగడములు మిగిలినవానికంటె ఎంతో ముందుగా అరుగును. పచ్చకు కాఠిన్యమున్నను పెళుసు. లోపల సహజముగా చీలికలుండును, వానిని నూనెతో కప్పుట ఆచారము. పచ్చ యుంగరమును వేడి సబ్బునీటిలో నానబెట్టుటయు, కంపనయంత్రములలో శుభ్రపరచుటయు కూడదు.

గరుడపురాణమున ఇంద్రనీల ప్రకరణమునందే మఱియొక హెచ్చరిక కలదు. పరీక్షకొఱకు గాని, గుణము పెంచుటకు గాని ఏ మణిని అగ్నిలో నుంచరాదు. వేడి యెంతయో తెలియక దాహదోషము కలిగినచో అది యజమానునకు, చేసినవానికి, చేయించినవానికి కూడ అనర్థమట. నిషేధించుటను బట్టియే ఆ పని ఆనాడు జరుగుచుండెనని ఊహింపవచ్చును. నేడు బజారులోని కెంపులలో, నీలములలో అధికభాగము కాచినవే. కాచుటచేత రంగు స్థిరముగా మెఱుగుపడును. ఆ సంగతి చెప్పి అమ్మిన దోషము లేదు. కాచని రాతికి వెల యెక్కువ గనుక చెప్పకపోవుటయే దోషము. ఇంతకంటె ప్రమాదము, 2004 ప్రాంతమునుండి విస్తారముగా వచ్చిన సీసపుగాజు నింపిన కెంపులు. వానిలో పగుళ్ళు కనబడవు. కంసాలి ఉంగరము సరిచేయుచు మంట చూపినను, పులుపులో కడిగినను ఆ గాజు చెడును. నిమ్మరసము కూడ దానిని తినివేయును.

ప్రాచీన పరీక్షలు నేడు విఫలమగు చోటు స్పష్టముగా చెప్పవలెను. 1902లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు వెర్నోయ్ మంటలో కరిగించి కెంపును చేయు పద్ధతిని ప్రకటించినాడు. ఆ కృత్రిమరత్నము నిజముగా కోరండమే. కాఠిన్యము అదే, బరువు అదే. గీతపరీక్షలో నెగ్గును, తూకములో నెగ్గును. సూక్ష్మదర్శినిలో కనబడు వంపుగీతలు మాత్రము దానిని పట్టియిచ్చును. కావున వెల గొప్పదైనప్పుడు, అమ్మువానితో సంబంధము లేని పరీక్షాశాల పత్రము లేక కొనుట సాహసము.

జాతకమును బట్టి రాతిని నిర్ణయించుట వేఱు విషయము. బృహత్సంహితలోని రత్నాధ్యాయములలో నవగ్రహములకు నవరత్నములను పంచు పట్టిక లేదు. శుభరత్నము శుభమును, దుష్టరత్నము కీడును చేయును గనుక పరీక్షింపుమని మాత్రమే కలదు. నమ్మువారు నమ్మవచ్చును గాని, “గ్రహమునకు సరిపోయినది” అను మాట పరీక్షకు బదులు కారాదు.

ఇక గుణములు. కౌటిల్యుడు చెప్పిన మణిగుణములలో తీవ్రరాగము, స్వచ్ఛత, స్నిగ్ధత, గురుత్వము, అంతర్గతప్రభ ముఖ్యమైనవి. మందవర్ణము, ఇసుకపలుకులు, గీతలు దోషములు. నేటికిని దీనికి చేర్పవలసినది కొద్దియే. రంగును అంగడిదీపముల క్రింద గాక పగటివెలుతురున చూడవలెను. బరువును బట్టి పరిమాణమును ఊహింపరాదు: నీటికంటె కోరండము సుమారు 4 రెట్లు, పచ్చ 2.7 రెట్లు బరువు గనుక, ఒక కారటు (200 మిల్లీగ్రాములు) పచ్చ ఒక కారటు కెంపుకంటె పెద్దదిగా కనబడును. 1981లో డయానాకు, 2010లో కేథరిన్‌కు నిశ్చితార్థపుటుంగరమైన సింహళనీలము 12 కారట్లది. అంత రాయి సామాన్యులకు అక్కరలేదు. మన నేలలోనే పూర్వపు ఖమ్మం జిల్లా గరీబ్‌పేట కొండ గార్నెట్లకు ప్రాచీనకాలము నుండి నెలవు. విశాఖ మన్యమున క్రైసోబెరిల్ దొరకును. గార్నెట్ కాఠిన్యము 7 ప్రాంతమున నున్నది, వెల అందుబాటులోనిది. అప్పుచేసి అనుమానపు కెంపు కొనుటకంటె నిజమైన గార్నెట్ మేలు.

పొదుగుటకు ముందే రాతిని విడిగా చూడవలెను. కుందనపు పనిలో వెనుకభాగము మూసి అడుగున తళుకురేకు ఉంచుదురు. వెలిసిన రాయి కూడ ఆ రేకు వెలుగులో నిండురంగుతో కనబడును, నీరు చొచ్చి రేకు నల్లబడిన నాడు గాని అసలు రంగు తెలియదు. నిత్యము ధరించు ఉంగరమునకు వెనుక తెఱచి, చుట్టును బంగారు అంచు కట్టిన పొదుగు క్షేమము.