గేరు మార్చుటకు అదను

మోటారుకారు నడుపుట నేర్చుకొనువారు తొలుత వేయు ప్రశ్న యిది: ఒక గేరునుండి మరియొక గేరునకు ఎప్పుడు మార్చవలెను? ఇంజను మ్రోత హెచ్చినంతనే మార్చవలెనని కొందరును, ఎంత లాగించిన అంత వేగమని మరికొందరును చెప్పుదురు. ఇవి లెక్క చూడక చెప్పెడి మాటలు. గుణకారము తెలిసిన విద్యార్థి యెవ్వడైనను దీనిని స్వయముగ తేల్చుకొనగలడని మేమీ పాఠమున చూపదలంచితిమి.

గడ్డపారతో బండరాతిని పెకలించునపుడు చేతికొన చాల దూరము కదలిననే గాని రాయి కొంచెమైనను కదలదు. అయినను బలము హెచ్చును. చిన్న గేరు పనియు నిట్టిదే. ఇంజను పెక్కు చుట్లు తిరిగి చక్రమును కొలదిగ త్రిప్పును, కాని బలముగ త్రిప్పును. పెద్ద గేరున వేగము లభించును, లాగుడు తగ్గును.

ఒక చిన్న పెట్రోలు కారును ఊహింతము. దాని రెండవ గేరు నిష్పత్తి 2.0, మూడవది 1.4. ఇంజను నిమిషమునకు 6000 చుట్లు మించరాదు. ఎఱ్ఱగీత ఆ హద్దునే తెలుపును. ఇంజను త్రిప్పుబలము 2450 చుట్లవద్ద 95, 3500 వద్ద 100, 4200 వద్ద 97, 5000 వద్ద 90, 6000 వద్ద 72 న్యూటన్ మీటర్లనుకొందము. మూడవ గేరునకు మార్చగనే చుట్లు 1.4ను 2.0చే భాగింపగా వచ్చు 0.7 వంతునకు దిగును.

3500 వద్ద మార్చితిమా, అంతవరకు 200గ నున్న లాగుడు 133కు పడిపోవును. 5000 వద్ద మార్చినచో 180 నుండి 140కి దిగును. 6000 వద్ద 144 నుండి 136కు మాత్రమే తగ్గును. కావున త్రిప్పుబలము అత్యధికముగ నున్నచోట మార్చుటయే మేలను తలంపు సరికాదు. ప్రస్తుత గేరులోని లాగుడు పై గేరులోని లాగుడునకు సమానమగు చోటే అదను. హద్దులోపల ఆ సమానత రానిచో, ఎఱ్ఱగీతకు కొంచెము ముందుగా మార్చవలెను. డీజిలు కార్లలో సామాన్యముగ 4000 చుట్ల ప్రాంతము దాటిన పిమ్మట శక్తి త్వరగ సన్నగిల్లును. వానికి అదను ముందే వచ్చును.

ఇది యెల్లవేళల అనుసరింపదగిన పద్ధతి గాదు. ఎత్తు నెక్కునపుడును, రహదారిపై వేగముగ పోవు వాహనములలో కలియునపుడును ఇది అక్కరకు వచ్చును. ఊరి వీథులలో పెట్రోలు కారునకు 2000, 2500 చుట్ల నడుమ మార్చుట చాలును. పెట్రోలును ఆదా యగును.

క్రింది గేరునకు దిగునపుడు ఈ లెక్కయే ప్రాణరక్షకము. మూడవ గేరులో 4200 చుట్లతో పోవుచు రెండవదానికి మార్చిన ఇంజను సరిగా 6000 చుట్లు తిరుగును. 5000 వద్ద మార్చిన 7100 దాటును! హద్దు మీరగనే పెట్రోలు నాపు ఏర్పాటు నేటి ఇంజనులలో కలదు. కాని చక్రములే ఇంజనును త్రిప్పునపుడు అది యేమియు చేయజాలదు. కవాటములు ముషలకములకు తగిలి విరుగవచ్చును. కనుక ముందు బ్రేకుతో వేగము తగ్గించి, పిమ్మట గేరు దింపవలెను. అనంతగిరివంటి ఘాటు రోడ్డున దిగునపుడు, వాలు మొదలగుటకు ముందే చిన్న గేరున నుండవలెను. లేనిచో బ్రేకులు కాగి పట్టు తప్పును. ముందరి బండిని దాటదలచినవాడు తన వరుసలో నుండగనే గేరు మార్చుకొనవలెను గాని, ఎదుటి లారీ కనబడిన పిమ్మట గాదు.

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ననుసరించి, 18 ఏండ్లు నిండనివారు కారు నడుపరాదు. విద్యార్థులారా, అంతవరకు కాగితముపై నడుపుడు. నాలుగవ గేరు నిష్పత్తి 1.0 అయినచో, ఎన్ని చుట్లకు లోపల మూడవ గేరునకు దిగుట క్షేమము? లెక్క వేసి, కారు నడుపు మీ యింటి పెద్దలకును చూపుడు.