నగర ఆదాయానికి నిలకడ ఏది?

ముంబయి సరిహద్దులలోని జకాత్ నాకాలు 2017 జులై 1న మూతపడ్డాయి. సరుకులపై నగరపాలక సంస్థ వసూలు చేసిన ఆ సుంకానికి బదులుగా రాష్ట్ర ప్రభుత్వం పరిహారం చెల్లిస్తోంది. అయితే పరుల చేతి సొమ్ము స్వంత రాబడికి సాటిరాదు.

స్వంత రాబడులలో నిలకడైనది ఆస్తి పన్ను. సరుకు దారి మార్చుకోవచ్చు, భవనం కదలదు. న్యాయం దృష్ట్యానూ ఇదే మేలు. జకాత్ వస్తువు ధరలో కలిసి పేదకూ ధనికునికీ ఒకే రేటున పడేది. ఆస్తి పన్ను 2010 నుండి ఆస్తి మూలధన విలువను అనుసరిస్తోంది. 500 చదరపు అడుగుల లోపు నివాసాలకు 2022లో మినహాయింపు లభించింది. మినహాయింపులు పెరిగేకొద్దీ తక్కినవారు సకాలంలో చెల్లించడం మరింత అవసరమవుతుంది.

అద్దెకున్నవారూ అద్దెలో భాగంగా ఈ భారాన్ని మోస్తారు. కనుక నీటిని గురించి, పారిశుద్ధ్యాన్ని గురించి ప్రశ్నించే హక్కు వారికీ ఉంది.