ఎందుకు పరిగెడుతున్నావమ్మా?

పిల్లల్ని ప్రశ్నలడగడం, వాళ్లిచ్చిన జవాబులకు అంకెలు వేయడం, ఆ అంకెల్ని నమ్మొచ్చో లేదో తేల్చడం. నా ఉద్యోగ జీవితమంతా ఈ పనిలోనే గడిచింది, చివరి పన్నెండేళ్లూ చైనాలో. అక్కడి బడిపిల్లల్ని ఆటకు, పరుగుకు పురిగొల్పుతున్నదేమిటో కొలవాలని తాపత్రయపడ్డాం. ఇప్పుడు ఇదే పనిలోకి వస్తున్న మన కుర్రవాళ్లు కొందరు సలహా అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతాను.

1. ముందు మాట వెతకండి.

మనం తేలిగ్గా ‘ఫిజికల్ యాక్టివిటీ’ అనేస్తాం. చైనీస్‌లో దీనికి ‘థీలీ హువోతోంగ్’ అనే మాట ఒకటుంది. ‘థీలీ’ అంటే ఒంట్లో సత్తువ. కూలిపని, మోతపని చెప్పే మాటలోనూ అదే థీలీ ఉంది కాబట్టి, వినగానే బస్తాలు కళ్లముందు కదులుతాయి. ‘షెన్‌థీ హువోతోంగ్’, అంటే శరీరపు కదలిక, కాస్త నయమే కానీ అది పుస్తకాల మాట. పిల్లల నోట నలిగేవి వేరే ఉన్నాయి. బడిలో ఆటల పీరియడ్ ‘థీయూ’. ఒంటికి మంచిదని పట్టుబట్టి చేసేది ‘త్వాన్‌ల్యెన్’. తక్కినదంతా ‘వాన్’, ఆడుకోవడం.

తొమ్మిదేళ్ల పిల్లాణ్ని రోజూ త్వాన్‌ల్యెన్ చేస్తావా అంటే లేదంటాడు. అప్పటిదాకా ఈకలు కట్టిన జ్యెన్‌జను కాలితో ఎగరేస్తూ చెమటతో తడిసి వచ్చినవాడే! వాడి లెక్కలో అది వాన్. ఏడుపెంకులాట ఆడి రొప్పుతూ వచ్చిన మన పిల్లాడు మాత్రం వ్యాయామం చేసొచ్చానంటాడా? మా మొదటి కాగితాల్లో మేం త్వాన్‌ల్యెన్ అనే రాశాం. అందరికంటే ఎక్కువ ఆడే పిల్లలు సోమరుల జాబితాలో చేరారు. ఆ తప్పు పూర్తిగా మాదే. కాగితాలన్నీ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాం.

2. తిరుగు అనువాదం ఒక్కటే చాలదు.

ఇంగ్లీషు ప్రశ్నను చైనీస్‌లోకి మార్చి, దాన్ని ఇంకొకరి చేత ఇంగ్లీషులోకి తిరిగి రాయించి, రెండూ కలిశాయా అని చూస్తారు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో రాసిన వ్యాసంతో స్థిరపడ్డ మంచి పద్ధతి ఇది. అయితే రెండు వైపులా రాసేది పెద్దవాళ్లే. ఆటను ‘ఎంజాయ్’ చేస్తాను అన్నదాన్ని ‘శ్యాంగ్‌షోవ్’ అని రాస్తే, వెనక్కి మళ్లీ ‘ఎంజాయ్’ అనే వస్తుంది, అందరూ తృప్తిపడతారు. పిల్ల చెవికి మాత్రం అది పెద్దవాళ్ల సుఖం, విలాసం. పిల్లలు అనేది ‘హావ్‌వాన్’, ఆడడానికి బాగుంది అని.

అందుకని పిల్ల పక్కన కూర్చోండి. ఒక్కో వాక్యం చదివించి, నీ మాటల్లో చెప్పమ్మా అనండి. వ్యాయామం మానేస్తే తప్పు చేసినట్టనిపిస్తుందా అన్న అర్థం వచ్చే వాక్యం దగ్గర ఒక పాప భయపడిపోయి, “నేనేం చేశాను?” అంది. ఏ గణాంకాల పట్టికా నాకు ఆ సంగతి చెప్పలేదు.

3. ‘ఎందుకు’లో మెట్లున్నాయి. వాటిని చదునుచేయకండి.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ కట్టిన స్వీయ నిర్ణయ సిద్ధాంతం ఈ మెట్లను విడమరిచింది. అడుగున అసలు ప్రేరణే లేకపోవడం. ఆ పైన ఎవరో చెప్పారని చేయడం. తర్వాత మానేస్తే సిగ్గనిపించి చేయడం. ఆపైన మంచిదని తనకే తెలిసి చేయడం. అన్నిటికంటే పైన, చేయడమే సంతోషంగా ఉండి చేయడం. 2004 నాటి బ్రెక్-2 ప్రశ్నావళి 19 వాక్యాలతో, 0 నుంచి 4 దాకా అంకెలతో దీన్నే కొలుస్తుంది. చైనీస్‌లోకీ వెళ్లింది. మొత్తం కూడి ఒకే మార్కు ఇచ్చేస్తే, మాస్టారికి భయపడి పరిగెత్తినవాడూ గాలి తగలాలని పరిగెత్తినవాడూ ఒకటైపోతారు.

చైనాలో ఈ తేడా చాలా ముఖ్యం. అక్కడ పరుగుకు మార్కులున్నాయి. హైస్కూలు ప్రవేశానికి రాసే ‘చోంగ్‌ఖావ్’ పరీక్షలో వ్యాయామానికీ వాటా ఉంది. యున్నాన్ ప్రావిన్సు 2020లో దాన్ని 100 మార్కులకు పెంచి చైనీస్, లెక్కలు, ఇంగ్లీషుల సరసన కూర్చోబెట్టింది. దేహదారుఢ్య ప్రమాణాల్లో పెద్ద తరగతుల అబ్బాయిలకు 1000 మీటర్లు, అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు ఉంటుంది. 2021లో చదువుల ట్యూషన్లకు ప్రభుత్వం పగ్గాలు వేశాక, తాడాటకు కూడా కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. ఇంత జరిగాక పిల్ల “మార్కుల కోసం” అని రాస్తే, అది ఆ పిల్ల మనసులోంచి పుట్టిన లోపమా? చుట్టూ ఉన్న ఏర్పాటును పిల్ల ఉన్నదున్నట్టు చెప్పింది. నేను అడిగేది ఒకటే: పరీక్ష అయిన మర్నాడు ఏం చేస్తావు? ఆ ప్రశ్న లేని ప్రశ్నావళి నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది.

4. “అమ్మ కోసం” అన్న జవాబును చులకన చేయకండి.

సిద్ధాంతం ప్రకారం అది కింది మెట్టు. నేనూ చాలాకాలం అలాగే లెక్కగట్టాను. తర్వాత షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 1999లో ప్రచురించిన పరిశోధన చదివాను. వాళ్లు పిల్లలకు అక్షరాలు కలిపి మాటలు చేసే పని ఇచ్చారు. తెల్లజాతి అమెరికన్ పిల్లలు తామే ఎంచుకున్న పనిలో బాగా రాణించారు. ఆసియా మూలాల పిల్లలు మాత్రం, ఈ పని మీ అమ్మ ఎంచింది అని చెప్పినప్పుడు అందరికంటే బాగా చేశారు. బలవంతం వేరు, మనవాళ్లు ముచ్చటపడ్డారని చేయడం వేరు. అమ్మ తిడుతుందని ఈతకు వెళ్లే పిల్లకూ, అమ్మ మురిసిపోతుందని వెళ్లే పిల్లకూ వేర్వేరు వాక్యాలు రాయండి.

5. మధ్య అంకెను అనుమానించండి.

చ్వాన్‌షెంగ్ చెన్, షిన్-యింగ్ లీ, హెరాల్డ్ స్టీవెన్సన్ 1995లోనే చూపించారు: ఉత్తర అమెరికా విద్యార్థులతో పోలిస్తే జపాన్, తైవాన్ విద్యార్థులు మధ్య అంకెను ఎక్కువగా ఎంచుకుంటారు. కాబట్టి సగటులు పక్కపక్కన పెట్టి ఫలానా దేశం పిల్లలకు ఉత్సాహం తక్కువ అని తేల్చకండి.

6. మాస్టార్ని గది బయట ఉంచండి.

ఆయన మీద గౌరవంతోనే బయటికి పంపండి. ఆయన ఎదుట ఆట ఇష్టం లేదని ఏ పిల్ల రాస్తుంది?

7. నడుముకు కట్టిన యంత్రానికి ‘ఎందుకు’ తెలియదు.

కదలికను నమోదు చేసే చిన్న యంత్రాన్ని పిల్లల నడుముకు కడతాం. ఎంత కదిలారో అది చెబుతుంది. పిల్లల జ్ఞాపకం కంటే నమ్మదగిందే. అయితే 1951 నుంచి చైనా బడుల్లో పాతుకుపోయిన రేడియో కసరత్తులో వరుసగా నిలబడి చేతులూపినా, విరామంలో స్నేహితురాళ్లతో రబ్బరుతాడు ఆట ఆడినా, దానికి అవన్నీ కదలికలే. నిమిషాలు యంత్రం నుంచి, కారణాలు పిల్ల నుంచి తీసుకుని, ఒకే రోజు మీద రెండూ పరిచి చూడండి.

8. టైము ఉందో లేదో కూడా అడగండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్లవాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక కావాలంటుంది. 2016 లెక్కల్లో ప్రపంచవ్యాప్తంగా 11-17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి అది అందలేదు. మనసు లేక అందలేదా, సమయం లేకా? చైనా పిల్లల్లో ఒక పాత హాస్యం ఉంది: “ఈరోజు మీ వ్యాయామం మాస్టారికి ఒంట్లో బాగోలేదు” అంటూ లెక్కల మాస్టారు వస్తాడు. మన డ్రిల్లు పీరియడ్ గతి గుర్తొచ్చి నాకు నవ్వు రాలేదు, గుండె కలుక్కుమంది. బీజింగ్ బడుల్లో పది నిమిషాల విరామాన్ని 2024లో పదిహేను చేశారు. ఆ అయిదు నిమిషాలు ఎంత విలువైనవో మెట్లు దిగి మైదానం చేరాల్సిన పిల్లకు తెలుసు.

9. చివర్లో నాలుగు ఖాళీ గీతలు వదలండి.

మా తోటివారు వద్దన్నారు, వాటికి అంకెలు వేయలేమని. నేను పట్టుబట్టాను. ఒక మూడో తరగతి పాప అక్కడ ఇలా రాసింది: బడి వదిలాక గేటు దగ్గర నాయనమ్మ ఉంటుంది. నా సంచి తను తీసుకుంటుంది. అప్పుడు వీపు తేలిగ్గా ఉంటుంది, అందుకని ఇంటిదాకా పరిగెడతాను.




మా ప్రశ్నావళిలోని ముప్పై వాక్యాల్లో ఆ జవాబు పట్టే చోటు ఎక్కడా లేదు. మర్నాడు నేను ఆ గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.